చుక్కానికో చుక్కాని

గాజియాబాద్ నుంచి ఎటు వెళ్లినా సముద్రం వందల కిలోమీటర్ల దూరమే. ఊరికున్న నది హిండన్. సహారన్‌పుర్ వైపు శివాలిక్ కొండల దిగువన పుట్టి, దారిపొడవునా ఫ్యాక్టరీల మురుగు మోసుకుంటూ వచ్చి యమునలో కలుస్తుంది. ఆ నీళ్లలో వల వేయాలని ఇవాళ ఎవరికీ బుద్ధి పుట్టదు. అయినా చేపల పడవల వెనక బిగించే ‘ట్రిమ్ ట్యాబ్’ అనే చిన్న రెక్క కథ చెప్పడానికి ఈ ఊరు తగిన చోటే. దాని తోబుట్టువులు ఇక్కడి నుంచి ఆకాశంలోకి ఎగురుతుంటాయి మరి.

హిండన్ వైమానిక స్థావరంలో సి-130జె రవాణా విమానాలున్నాయి. 2011లో వైమానిక దళంలో చేరాయి. 2013 ఆగస్టు 20న లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో, పదహారు వేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్న రన్‌వే మీద దిగింది ఈ స్థావరపు విమానమే. దాని తోకలో కదిలే పెద్ద రెక్కలకు వెనక అంచున చిన్న రెక్కలు ఉంటాయి. విమానం ముక్కు ఏమాత్రం కిందికో పైకో లాగుతున్నా, పైలట్ కాడను గంటల తరబడి బిగించి పట్టుకోవాలి. చేతులు పడిపోతాయి. అంచునున్న చిన్న రెక్కను కాస్త వంచితే చాలు, గాలే దాన్ని నెట్టి, దాని ద్వారా పెద్ద రెక్కను ఎదురు దిక్కుకు తిప్పి పట్టుకుంటుంది. పని చేసేది గాలి, చెప్పేది మనిషి.

ఈ ఉపాయానికి పేరు తెచ్చినవాడు జర్మన్ ఇంజనీర్ ఆంటోన్ ఫ్లెట్నర్. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో భారీ బాంబర్ల రెక్కల్ని తిప్పడం పైలట్ల కండబలానికి మించిన పని అయినప్పుడు, పెద్ద రెక్క అంచుకు చిన్న రెక్క తగిలించాడు. తర్వాత అదే పద్ధతిలో ఓడల చుక్కానికీ ఓ చిన్న చుక్కానిని అతికించాడు. లోకానికి ఫ్లెట్నర్ అంటే గుర్తొచ్చేది మాత్రం తెరచాపల బదులు రెండు ఎత్తయిన గొట్టాలు తిరుగుతుంటే నడిచిన బుకావ్ అనే ఓడ. 1926లో అది అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరింది. అంత ఆర్భాటం చేసిన గొట్టాల ఓడ అప్పట్లో వ్యాపారంలో నిలబడలేదు. ఎవరి కంటా పడని చిన్న రెక్క మాత్రం ఇంటింటి సామాను అయిపోయింది.

ఆ రెక్కను వేదాంతంలోకి ఎక్కించింది అమెరికన్ వాస్తుశిల్పి, ఆలోచనాపరుడు బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్. 1969లో ఢిల్లీలో నెహ్రూ స్మారకోపన్యాసం ఇచ్చినది ఈయనే. మహానౌకను తిప్పే చుక్కానిని తిప్పేది ఓ చిన్న రెక్క కదా, ఒంటరి మనిషి కూడా సమాజాన్ని అలా తిప్పగలడన్నది ఆయన వాదం. 1983లో పోయాక సమాధి రాయి మీద కూడా తనను ట్రిమ్‌ట్యాబ్ అని పిలవమనే చెక్కారు. అప్పటి నుంచి మేనేజ్‌మెంట్ ఉపన్యాసకులు ఆ మాటను అరగదీశారు. వాళ్లు చెప్పని విషయం ఒకటుంది: ఓడ ఆగి ఉంటే ఆ రెక్క ఎంత వంగినా ఒరిగేదేమీ లేదు. అది వేగం దగ్గర అప్పు తెచ్చుకుని బతికే వస్తువు.

చేపల పడవ దగ్గర ఆ సంగతి బాగా తెలుస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో సెలవు రోజున గాలం వేయడానికి వెళ్లేవాళ్ల ఫైబర్ పడవలు నీటిని చీల్చుకుంటూ కాదు, నీటి మీద జారుతూ పోతాయి. బరువైన మోటారు వెనకే ఉంటుంది కాబట్టి వేగం అందుకునేటప్పుడు వెనక భాగం కుంగి, ముక్కు పైకి లేస్తుంది. నడిపేవాడికి ఎదురుగా ఆకాశమే కనిపిస్తుంది. వెనక పలక అడుగున ఇరువైపులా కీలు మీద ఆడే రేకులు బిగిస్తారు. రేకు కిందికి దిగితే నీళ్లు దానికి కొట్టుకుని పడవ వెనక భాగాన్ని ఎత్తుతాయి, ముక్కు దిగుతుంది. మనుషులంతా ఒకవైపే కూర్చుంటే ఆ వైపు రేకును మాత్రమే దించి సరిచేయవచ్చు. ఫ్లెట్నర్ రెక్కకూ దీనికీ పేరు ఒకటే, పని కాస్త వేరు.

రేకును ఎత్తి దించేది యాక్చుయేటర్. సైకిల్ పంపులా ఉండే గొట్టం. లోపల చిన్న 12 వోల్టుల మోటారు, ఓ మర కడ్డీ. ఇదంతా నీటి మట్టానికి అటూ ఇటుగానే ఉంటుంది కాబట్టి దాని ఆయుష్షంతా రబ్బరు సీలు చేతిలో ఉంటుంది. సీలు అరిగి ఉప్పునీరు లోపలికి చేరిందంటే మోటారు మూలిగి మూలిగి ఆగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని మనకు ధీమా. గాలాడని సందులో ఉప్పునీరు నిలిస్తే దానికీ గుంటలు పడతాయి.

కొత్తది కొనే ముందు ఎడమవైపు తీగలను కుడి యాక్చుయేటర్‌కు కలిపి చూడాలి. తప్పు స్విచ్‌దో గొట్టానిదో తేలిపోతుంది. మార్చక తప్పదంటే పడవను ఒడ్డుకు ఎక్కించి, బ్యాటరీ విప్పి, పాత గొట్టం ఊడదీస్తారు. తీగ వెనక పలకలోని రంధ్రం గుండా లోపలికి పోతుంది. ఆ రంధ్రం చుట్టూ పాత జిగురును అణువణువూ గీకకుండా కొత్త జిగురు పూస్తే నీళ్లు పలక లోపలి చెక్కలోకి దిగుతాయి. యాక్చుయేటర్ ఖరీదు కన్నా ఆ చెక్క కుళ్లితే అయ్యే ఖర్చు ఎన్నో రెట్లు. ఇక ఎన్నటికీ ఊడని రకం జిగురు వాడితే, మళ్లీ మార్చాల్సి వచ్చినప్పుడు గొట్టంతో పాటు ఫైబర్ పొరా లేచొస్తుంది. తీగల అతుకు పడవ లోపల, నీళ్లు చేరనంత ఎత్తున వేయాలి.

గాజియాబాద్‌లో అసలు పడవలే లేవనుకుంటే పొరపాటు. కమలా నెహ్రూ నగర్‌లో జాతీయ విపత్తు స్పందన దళం 8వ బెటాలియన్ ఉంది. గాలి నింపే రబ్బరు పడవలు, వాటికి తగిలించే ఔట్‌బోర్డ్ మోటార్లు వీళ్ల సరంజామా. 2023 జులైలో ఢిల్లీ పాత రైలు వంతెన దగ్గర యమున 208.66 మీటర్లకు చేరి 1978 నాటి రికార్డును దాటినప్పుడు వీళ్లు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగారు. నోయిడాలో కోటి రూపాయల విలువైన ప్రీతమ్ అనే ఆబోతును కాపాడామని గర్వంగా ప్రకటించారు కూడా. వరద వీధుల్లో పడవ నడక వేగంతో పోతుంది. అక్కడ ఏ రేకూ పనికిరాదు. ముక్కు లేస్తే ఓ మనిషి ముందుకు జరగాలి, అంతే.

మన కోస్తా జాలరులు ఎప్పుడూ చేసింది అదే. వల కుప్ప ఎక్కడ పెట్టాలి, చేపల బరువు అణియం (ముక్కు) వైపు జరపాలా, అమరం (వెనక) వైపా అన్నది తెడ్డు పట్టినవాడి లెక్క. ఒడ్డున విరిగే కెరటాల్లోంచి పడవ బయటపడాలన్నా, తిరిగి ఇసుక మీదికి రావాలన్నా ఆ లెక్క తప్పకూడదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున ఇండియాలో పనిచేసిన పీటర్ గుర్ట్నర్ ఈ కెరటాల తీరానికి తగిన పడవ కోసం 1950ల చివర్లోనే తంటాలు పడ్డాడు. చిక్కల్లా ఇంజన్‌తోనే: పడవ అడుగున వేలాడే ప్రొపెల్లర్ ఇసుకకు తగిలితే పని అయిపోయినట్టే. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాత కార్యక్రమం ఆ పనిని మళ్లీ ఎత్తుకుంది. నార్వే దేశపు రూపకర్త ఓయ్‌వింద్ గుల్‌బ్రాండ్‌సెన్ వంటివాళ్లు ఇంజన్, షాఫ్టు, ప్రొపెల్లర్ మూడూ ఒకే ముక్కగా పైకి లేచే ఏర్పాటు చేశారు. నీళ్లు లోపలికి రాకుండా చుట్టూ ముడతల రబ్బరు తొడుగు. చూస్తే అక్కడా మళ్లీ రబ్బరు మీదే భారం.

ఇప్పుడు ఆంధ్ర తీరంలో ఎక్కడ చూసినా ఫైబర్ తెప్పలే. పొడుగు షాఫ్టు ఇంజన్లనూ చిన్న ఔట్‌బోర్డులనూ ఒడ్డు దగ్గర పడగానే అమరంలో ఉన్నవాడు చేత్తో పైకెత్తేస్తాడు. అందుకే ఉప్పునీటికి చెడిపోయే యాక్చుయేటర్ ఖర్చు ఆ తెప్పల లెక్కలోకి ఇంకా రాలేదు.