విరాటపర్వమూ, వానా

మా రేనాటి పల్లెలలో తరతరాలుగా ఒక నమ్మకం ఉన్నది. కార్తె వెంట కార్తె గడచినా వాన జాడ లేకపోతే ఊరివారు చావడిలోనో, రామాలయంలోనో విరాటపర్వం చదివిస్తారు. కప్పతల్లిని వేపమండల నడుమ ఊరేగించేది ఆడవారు, పిల్లలు. పర్వం చదివించేది పెద్దలు. తిక్కన సోమయాజి పదమూడవ శతాబ్దిలో నెల్లూరిలో కూర్చి తెలుగు చేసిన ఆ పర్వానికీ, కడప, కర్నూలు సీమల మీది మబ్బుకూ సంబంధమేమిటన్నది నన్ను నలభై ఏళ్ళుగా వెంటాడుతున్న ప్రశ్న. బ్లాగ్మిత్రులతో పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటూ ఇప్పటికి పూనుకున్నాను.

1980ల నడుమ, తెలుగు పండితుడిగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, నేను పనిచేసే ఊరివారు నన్ను పర్వం చదవమన్నారు. తొమ్మిది రాత్రులు చదివి అర్థం చెప్పాను. పదవనాటి సాయంత్రం వాన దంచి కొట్టింది. నన్ను ఎద్దులబండి మీద కూర్చోబెట్టి ఊరేగించినంత పని చేశారు. మరుసటి ఏడు మళ్ళీ చదివాను. చినుకు రాలలేదు. ఒక ముసలి రైతు నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు: "అయ్యవారూ, ఈ తూరి మీరు మనసు పెట్టి చదివినట్టు లేదే."

ఆ మాటకు నాకు కోపం రాలేదు, భయం వేసింది. మొదటి ఏడు ఊరు నాకిచ్చిన గౌరవాన్ని నేను కాదనకుండా పుచ్చుకున్నాను. వాన పుణ్యం నాదైనప్పుడు ఎండ పాపం కూడా నాదే కావాలి కదా!

విద్యార్థి దశలో మా గురువుగారి వద్ద తర్కసంగ్రహం చదువుకున్నాను. దాని కర్త అన్నంభట్టు తెలుగువాడు, పదిహేడవ శతాబ్దివాడు. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని పండితులలో లోకోక్తి పుట్టించిన విద్వాంసుడు. కార్యానికి ముందు తప్పనిసరిగా ఉండేదే కారణమని ఆయన నిర్ణయం. ముందు ఉంటే చాలదు, నియతంగా ఉండాలి. ఉన్నా, ఆ కార్యానికి అక్కరలేనిదై ఉండరాదు. కుండ పుట్టుకకు కుమ్మరి కారణం, కుమ్మరి తండ్రి కాదు. మట్టి మోసిన గాడిద కూడా కాదు. ఆ మట్టి మరొక విధంగానూ రావచ్చు. ఇటువంటివాటిని అన్యథాసిద్ధాలన్నారు. కాకి వాలింది, తాటిపండు రాలింది, కాబట్టి కాకియే రాల్చిందనుకోవడం కాకతాళీయం. కారణం ఉంటే కార్యం ఉండడం అన్వయం, లేకపోతే లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండిటితో తూచితే నా పారాయణం మొదటి ఏడు కాకి, రెండవ ఏడు పండు రాల్చలేని కాకి.

పద్దెనిమిదవ శతాబ్దిలో స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ మరొక అడుగు ముందుకు వేశాడు. రెండు సంఘటనలు మళ్ళీ మళ్ళీ జంటగా కనబడితే మన మనస్సు వాటి నడుమ ఒక ముడి వేసుకుంటుందనీ, ఆ ముడిని బయటి వస్తువులలో చూడలేమనీ అన్నాడు. ముసలి రైతు మాట వింటే హ్యూమ్ చిరునవ్వు నవ్వేవాడేమో. ముడి తెగిపోయినా రైతు దాన్ని వదలలేదు. చదివేవాని మనసనే మరొక నూలుపోగు తెచ్చి మళ్ళీ అతికించాడు. మనసు పెట్టానో లేదో ఎవరు తూచి చూడగలరు? అందువల్ల ఆ నమ్మకానికి ఓటమి లేదు.

అసలు ఈ నమ్మకానికి బీజం భారతకథలోనే ఉన్నదని నాకు తోస్తుంది. అజ్ఞాతవాసంలోని పాండవులను వెదకలేక వేగులవారు తిరిగివస్తారు. అప్పుడు కురుసభలో భీష్ముడు ఒక ఆనవాలు చెబుతాడు: ధర్మరాజు ఉన్నచోట వానలు వేళకు కురుస్తాయి, పైర్లు పండుతాయి, పశువులు పాడితో ఉంటాయి. అంటే వాన అనే కార్యాన్ని చూసి ధర్మరాజు ఉనికి అనే కారణాన్ని ఊహించమని. ఇది అనుమాన ప్రమాణం. మా పల్లెలు దాన్ని తిరగవేసి, ధర్మరాజు కథ ఉన్నచోటికి వాన రావాలన్నాయి. మనిషి స్థానంలో మాట వచ్చి కూర్చున్నది.

మరి మాటకు కారణమయ్యే శక్తి లేదా? ఉన్నది. అయితే అది ఎలా పనిచేస్తుందో చూడాలి. బాలునికి మాటలు ఎలా వస్తాయో మన నైయాయికులు చక్కగా చెప్పారు. పెద్దవాడొకడు ఆవును తెమ్మంటాడు, మరొకడు తెస్తాడు. పక్కన ఉన్న పిల్లవాడు ఇద్దరినీ గమనించి, ఏ మాటకు ఏ అర్థమో కూడదీసుకుంటాడు. ఇక్కడ మాట ఆవును లాక్కురాలేదు. విన్నవాని మనసులో అర్థజ్ఞానం పుట్టింది, ఆ జ్ఞానం అతని కాళ్ళను కదిపింది. మాటకూ పనికీ నడుమ ఒక మనసు ఉండి తీరాలి. మబ్బుకు ఆ మనసు లేదు, దానికి తెలుగు రాదు. నిప్పుతో తడపమనే వాక్యానికి యోగ్యత లేదని తర్కశాస్త్రం చెబుతుంది. మబ్బును ఉద్దేశించి చదివిన పద్యానికి శ్రోతయే లేడు.

మా జిల్లాలో ఎఱ్ఱగుంట్ల దగ్గర కలమళ్ళ ఉన్నది. అక్కడి శాసనం సుమారు 575 నాటిది, రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయునిది. తెలుగు శాసనాలలో మొదటిదిగా పేరుపొందినది. అక్షరాలు కొన్ని అరిగిపోయినా, చివర పంచమహాపాతకాల ప్రసక్తి కనబడుతుంది. ధర్మాన్ని చెరిపినవానికి ఆ పాపాలు చుట్టుకుంటాయని బెదిరించడం మన శాసనాల సంప్రదాయం. అందులో చదువరి మీద ఒక గొప్ప నమ్మకం ఉన్నది. ఆ శాపం రాతిని కాపాడలేదు. చదివి భయపడే మనసుంటేనే అది పనిచేస్తుంది. చదవలేని గాలికీ, ఎండకూ పాతకం అంటదు.

ఇంతవరకూ వ్యవహారం పారాయణంతో ఆగితే నష్టమేమీ లేదు. కారణాన్ని తప్పుగా చెప్పే మాట వల్ల ప్రాణాలే పోయిన చరిత్ర మన సీమకు ఉన్నది. 1876లో, ధాతు నామ సంవత్సరంలో, మొదలైన ధాత కరువు కడప, కర్నూలు, బళ్ళారి ప్రాంతాలను ఊడ్చిపెట్టింది. 1876-78 నడుమ దక్షిణాదిన సుమారు 55 లక్షలమంది మరణించారని ఒక అంచనా. వారెందుకు చనిపోయారని అడిగితే నేటికీ 'వానలు లేక' అని జవాబు వస్తుంది. పసిఫిక్ సముద్రజలాలు వేడెక్కే ఎల్ నినో వల్ల ఆ ఏడు ఋతుపవనాలు దెబ్బతిన్నాయని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. వాన లేకపోవడానికి అది కారణమే. చావులకు కూడా అదే కారణమా?

అన్నంభట్టు త్రాసునే ఇక్కడ వాడి చూద్దాం. 1873-74లో బీహారులో కూడా వానలు తప్పాయి. అప్పుడు రిచర్డ్ టెంపుల్ అనే దొర బర్మా నుండి బియ్యం తెప్పించాడు. చావులు బహు స్వల్పం. ఖర్చు ఎక్కువ చేశాడని ఆయనకు చీవాట్లు దక్కాయి. అదే టెంపుల్ 1877లో మద్రాసు రాజధానికి వచ్చి, సహాయపు పనులలో రాళ్ళు కొట్టే కూలికి రోజుకు ఒక పౌను ధాన్యం చాలునన్నాడు. ఆ తిండితో మనిషి బ్రతకలేడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. ఆ లోపల జరగవలసినది జరిగిపోయింది. రెండుచోట్లా వాన లేదు. చావులు మాత్రం ఒకచోటనే కుప్పలు పడ్డాయి. వాన లేమి ఒక్కటే కారణమైతే బీహారులో కూడా అంతమందీ చావాలి కదా. 1981లో అమర్త్యసేన్ చాటి చెప్పినది ఇదే: తిండి లేకపోవడం వేరు, ఉన్న తిండి మనిషికి అందకపోవడం వేరు.

మన 'కరువు' అనే మాటలో అనావృష్టి, క్షామం రెండూ కలిసిపోయి ఉన్నాయి. మొదటిది ఆకాశం పని, రెండవది మనుషుల పని. ఒకే మాట రెండిటినీ కప్పడం వల్ల రెండవదాని నేరం మొదటిదాని మీదికి సులువుగా జారిపోతుంది. అధికారులకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. కడపలో బంగళా కొని పండితులచేత తాళపత్రాలకు ప్రతులు వ్రాయించిన మన సి.పి. బ్రౌను 1832-33 గుంటూరు కరువును క్షామమనే పేర్కొన్నాడు. సర్కారువారి వాడుకలోని మెత్తని మాట 'కొరత'. ఆ ముక్కుసూటితనం పైవారికి రుచించలేదు. నిఘంటుకారుడు గదా, మాట ఎంత బరువు మోస్తుందో ఆయనకు తెలుసు. క్షామమని వ్రాస్తే ఖజానా తెరవాలి, కొరత అని వ్రాస్తే చూస్తూ కూర్చోవచ్చు. నేటికీ ఒక మండలాన్ని 'కరువు మండలం'గా ప్రకటిస్తేనే కదిలే కాగితాలున్నాయి. ఈ మాటకు శ్రోతలున్నారు, వారికి చేతులున్నాయి. కాబట్టి ఇది నిజంగా కారణమే.

నేటి నంద్యాల జిల్లాలోని ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి ఉండేవాడు. 1866 నాటి కరువులో తన గాదెలు తెరచి ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన ఆయన పేరు మా సీమలో ఇప్పటికీ పాటగా వినబడుతుంది. వానను ఆయన తేలేదు, తేగలనని అనలేదు.

ఇక నా సంగతి. రెండవ ఏటి పారాయణంలో, వాన రాని ఆ తొమ్మిది రాత్రులలో, పర్వం ముగిశాక జనం వెంటనే లేచిపోయేవారు కాదు. ఎవరి బావిలో ఇంకా నీళ్ళున్నాయి, ఎవరి వామిలో చొప్ప మిగిలింది అన్న మాటలు నడిచేవి. ఒక రాత్రి ఇద్దరు దాయాదులు, పలకరింపులు లేనివారు, ఒకే బావి నుండి పశువులకు నీళ్ళు తోడుకోవడానికి ఒప్పుకున్నారు. అందుకు నా చదువు కారణమా, కుమ్మరి గాడిదా అంటే నిశ్చయంగా చెప్పలేను. ఊరంతా ఒకచోట కూర్చోవడమే కారణం కావచ్చు. కూర్చోబెట్టడానికి పర్వం కాకపోతే హరికథ అయినా సరిపోయేదేమో.

ముసలి రైతుకు ఆనాడు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడాయన లేడు. చెప్పగలిగితే ఇలా చెప్పేవాణ్ణి: "పెద్దాయనా, మనసు పెట్టే చదివినాను. మబ్బు వినలేదు, మీరు విన్నారు. మొదటి తూరి వాన నాది కాదని ఆ పొద్దే చెప్పవలసింది. చెప్పనిది నా తప్పు."

తర్కం తెలిసిన పెద్దలు నా తప్పులేవైనా ఉంటే సరిదిద్దగలరు. మీ మీ ఊళ్ళలో పర్వం చదివించే ఆచారం ఉంటే వ్రాయండి; వాన పడిన ఏళ్ళవే కాదు, పడని ఏళ్ళవి కూడా.