బండలను చూడని కెమెరా

హంపి, కప్పగల్లు, గండికోట: మన ఎండుసీమ రాళ్ళ ఫొటోల కథ

యాభై రూపాయల నోటు తిరగేస్తే హంపి రాతిరథం కనిపిస్తుంది. నోటు మీద రథానికి శిఖరం లేదు. విఠల గుడి ప్రాకారంలోకి వెళ్ళి చూసినా లేదు. 1856లో మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న అలెగ్జాండర్ జాన్ గ్రీన్‌లా తీసిన ఫొటోలో మాత్రం ఉంది. రాతిరథం నెత్తిన ఇటుకలతో కట్టిన శిఖరం, శిథిలమై, ఇంకా నిలబడే ఉంది. తర్వాతి కాలంలో దాన్ని తీసేశారు. అప్పటి ఫొటోలు మిగలబట్టి ఆ రథం ఒకప్పుడు ఎలా ఉండేదో ఈనాటికీ కళ్ళారా చూడగలుగుతున్నాం.

గ్రీన్‌లా హంపిలో తిరుగుతూ అరవైకి పైగా ఫొటోలు తీశాడు. గుళ్ళు, మంటపాలు, ఏనుగుల కొట్టాలు, లోటస్ మహల్. వాటన్నిటి వెనకా, పక్కనా, కొన్నిచోట్ల ముందూ గుండ్రాళ్ళ గుట్టలు ఉన్నాయి. ఆయన వాటికోసం రాలేదు. గుడికి గురిపెడితే బండలు తమంతట తామే బొమ్మలోకి వచ్చి కూర్చున్నాయి. ఈ సీమ రాళ్ళ ఫొటో చరిత్ర అలా మొదలైంది. అప్పుడు పడిన ఆ చూపు తర్వాత నూరేళ్ళకు పైగా మారలేదు. దాని ఖరీదు ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది.

మైనం పూసిన కాగితం

ఆ రోజుల్లో ఫొటో తీయడమంటే చిన్న వంటశాల వెంటబెట్టుకుని తిరగడమే. అప్పటికి కొత్తగా వచ్చిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజుపలకకు రసాయనం పూసి, అది ఆరేలోపు ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. బళ్ళారి ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? అందుకే ఎండదేశాల్లో తిరిగేవాళ్ళు చాలామంది కాగితాన్నే నమ్ముకున్నారు. 1851లో ఫ్రాన్సు దేశస్థుడు గుస్తావ్ లె గ్రే ప్రకటించిన పద్ధతిలో, పల్చని కాగితానికి ముందు మైనం పట్టించేవారు. దాన్ని అయొడైడు ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టేవారు. తర్వాత చీకట్లో వెండి నైట్రేటులో ముంచి మళ్ళీ ఆరబెట్టేవారు. అలా తయారైన కాగితం కొన్ని రోజుల పాటు పనికొచ్చేది. ఫొటో తీసిన తర్వాత గాలిక్ ఆమ్లంలో ఉంచితే బొమ్మ మెల్లగా తేలేది. వెండి నైట్రేటు తగిలిన వేళ్ళు నల్లబడేవి, ఆ మరక ఎంత కడిగినా వదిలేది కాదు.

ఈ పద్ధతికి ఓపిక కావాలి. బొమ్మ పడడానికి నిమిషాల కొద్దీ కెమెరా మూత తెరిచి ఉంచాలి. అంతసేపట్లో గాలికి కదిలిన చెట్టు పొగలా అలుక్కుపోతుంది, నడిచిపోయిన మనిషి అసలు కనిపించడు. కదలనివి మాత్రమే స్పష్టంగా పడతాయి. అంటే గుడీ, బండా. పైగా అప్పట్లో నెగెటివ్ ఎంతుంటే ఫొటో అంతే. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద కాగితం, దానికి తగ్గ పెద్ద కెమెరా ఉండాలి. గ్రీన్‌లా వాడిన కాగితాలు అడుగు దాటి ఒకటిన్నర అడుగు దాకా ఉండేవి. అంత సరంజామాతో హంపి గుట్టల మధ్య తిరగడం ఈనాటి ట్రెక్కింగ్‌కు తీసిపోయేది కాదు.

ఆ నెగెటివ్‌లు చాలాకాలం మరుగున పడి ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో బయటపడ్డాయి. 1983లో ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ జాన్ గోలింగ్స్ ఆ బొమ్మలు దగ్గర పెట్టుకుని, గ్రీన్‌లా నిలబడిన చోట్లలోనే నిలబడి మళ్ళీ తీశాడు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే 127 ఏళ్ళలో కట్టడాలకు ఏం జరిగిందో తెలుస్తుంది. కూలినవేవో, నిలబెట్టినవేవో, తీసేసినవేవో లెక్క తేలుతుంది. వెనకున్న గుండ్లు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. హంపి గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. దాని ముందు 127 ఏళ్ళు రెప్పపాటు కూడా కావు. అందుకే కాబోలు, బండకు ఫొటో సాక్ష్యం అవసరమని ఎవరికీ తోచలేదు.

అక్కడ బండే కథానాయకుడు

దాదాపు అదే కాలంలో అమెరికా పడమటి ఎడారుల్లో కథ వేరే దారిలో నడిచింది. అక్కడ వలసవాళ్ళ కళ్ళకు గుళ్ళూ కోటలూ పెద్దగా కనిపించలేదు. 1871లో సైన్యం సర్వేతో కొలరాడో లోయలోకి వెళ్ళిన తిమతీ ఓసలివన్ గాజుపలకలు మోసుకెళ్ళి నేరుగా రాతిగోడలకే గురిపెట్టాడు. అదే ఏడు విలియం హెన్రీ జాక్సన్ ఎల్లోస్టోన్‌లో తీసిన ఫొటోలు అమెరికా కాంగ్రెసు సభ్యుల ముందుకు వెళ్ళాయి. 1872లో ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనమైంది. గ్రాండ్ కెన్యన్‌కు ఆ హోదా 1919లో వచ్చింది. ఆ నేలల మీద అంతకుముందునుంచీ బతుకుతున్న ఆదివాసుల్ని ఆ చట్టాలు పట్టించుకోలేదు, అది వేరే విషాదం. అయినా ఒక సంగతి నిజం: ఫొటోలో దేన్ని చూశారో, కాగితం మీద దాన్నే కాపాడారు.

మన దగ్గరా అదే జరిగింది. ఫొటోలో గుడిని చూశాం. 1904లో పురాతన కట్టడాల రక్షణ చట్టం వచ్చింది. హంపి కట్టడాలకు కాపలా వచ్చింది, 1986లో యునెస్కో గుర్తింపు వచ్చింది. హంపి చుట్టుపక్కల బండలకు ఆ గుళ్ళ పుణ్యాన కొంత రక్షణ దొరికింది. హంపికి దగ్గర్లోని దరోజీ గుట్టలకు ఎలుగుబంట్ల పుణ్యాన దొరికింది: 1994లో వాటికోసం అభయారణ్యం ఏర్పడింది. గుడీ ఎలుగూ లేని గుట్ట సంగతేమిటి?

కప్పగల్లు ఎద్దులు

దీనికి జవాబు బళ్ళారి పక్కనే, సంగనకల్లు, కప్పగల్లు ఊళ్ళ దగ్గర ఉంది. ఇక్కడి హిరేగుడ్డ గ్రానైటు కొండే అయినా, దాన్ని చీల్చుకుని నల్లటి డోలరైటు రాయి ఒక పొడవాటి చారలా పైకి వచ్చింది. కొత్తరాతి యుగం మనుషులు ఆ నల్లరాతితోనే గొడ్డళ్ళు చేసుకున్నారు. ఆ నల్లబండల మీదే వేల ఏళ్ళ కిందట పొడుగు కొమ్ముల, మూపురాల ఎద్దుల బొమ్మల్ని రాయితో కొట్టి కొట్టి చెక్కారు. మనుషుల బొమ్మలూ ఉన్నాయి. కొన్ని బండలకు చిన్న గుంటలున్నాయి. ఆ గుంటల్లో గ్రానైటు రాయితో కొడితే గంట మోగినట్టు ఖంగున మోగుతాయి.

ఈ బొమ్మలు బయటి లోకానికి తెలిసింది 1892 ప్రాంతంలో. హ్యూబర్ట్ నాక్స్ చూశాడు, పోలీసు అధికారి ఫ్రెడ్ ఫాసెట్ వాటి గురించి రాశాడు. భారతదేశ పూర్వచరిత్రకు పునాది వేసిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ జిల్లా అంతా నడిచి, 1895లో బళ్ళారి జిల్లా భూగర్భ చరిత్రను పుస్తకంగా తెచ్చాడు. కప్పగల్లు ఫొటోలు లండన్‌లోని ఆంత్రోపలాజికల్ సంస్థకు చేరాయి. అయితే అవి స్పష్టంగా లేవు, కాలం గడిచేకొద్దీ ఇంకా వెలిశాయి. వాటిని పట్టుకుని తర్వాత వచ్చిన పరిశోధకులకు ఆ చోటు దొరకలేదు. 2002 తర్వాత పురావస్తు శాస్త్రవేత్త నికోల్ బోయివిన్ బృందం మళ్ళీ గుర్తించి, కొత్తగా ఫొటోలు తీసి, 2004లో వివరాలు ప్రచురించింది.

అప్పటికే గుట్టలో కొంత భాగాన్ని క్వారీ తినేసింది. ఉత్తరాన ఇంకా పాత బొమ్మలున్న ఒక రాతి చూరు కొంత దెబ్బతింది. అప్పట్లో తీసిన ఫొటోలు స్పష్టంగా ఉండి, ఎక్కడ తీశారో పక్కాగా రాసి ఉంటే, ఇవాళ ఏం పోయిందో చెప్పగలిగేవాళ్ళం. వేల ఏళ్ళు నిలిచిన రాతిని క్వారీ మందుగుండు ఒక్క పూటలో లారీ లోడుగా మారుస్తుంది. బండ శాశ్వతం అన్న మాట మన కాలంలో చెల్లదు. ఇప్పుడు బళ్ళారిలో బ్రూస్ ఫుట్ పేరుతో సంగనకల్లు పురావస్తు మ్యూజియం ఉంది. గుట్ట ఎక్కే ముందు అక్కడ ఒక గంట గడిపితే, తర్వాత కళ్ళు వెతకాల్సినవి తెలుస్తాయి.

ఇసుకా, కొండ చీలికా

బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకా హచ్చొళ్ళి వైపు నల్లరేగడి నేల, కాలువ నీళ్ళు, వరి మళ్ళు చూసినవాళ్ళకు ఈ సీమలో ఎడారి ఉందంటే వింతగా ఉంటుంది. అదే తాలూకాలో తుంగభద్రలో కలిసే హగరి నదిని పట్టుకుని ఎగువకు వెళ్తే ఆ వింత తీరుతుంది. అక్కడ దాన్ని వేదవతి అంటారు. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో, దర్గా హొన్నూరు దగ్గర, ఎండిపోయిన ఏటిలోని ఇసుకను నైరుతి గాలులు ఎత్తి పొలాల మీద పోస్తాయి. దిబ్బలు లేస్తాయి, గాలి గీసిన వంపులు తిరిగే గీతలు వాటి మీద కనిపిస్తాయి. ఫొటోలు తీసేవాళ్ళకు అది రాజస్థాన్. ఇసుక కింద చేను పోగొట్టుకున్న రైతుకు మాత్రం అది ఫొటో కాదు.

1953 అక్టోబరు 1 దాకా సిరుగుప్పా, ఈ దిబ్బలున్న రాయదుర్గం ప్రాంతమూ ఒకే బళ్ళారి జిల్లాలో ఉండేవి. ఆ రోజున జిల్లాను పంచారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి, మిగిలినవి మైసూరులో కలిశాయి. హద్దు గీత పడినా రాయీ, ఏరూ, కరువూ ఉమ్మడి ఆస్తిగానే మిగిలాయి.

ఇక అసలైన కొండ చీలిక కావాలంటే కడప జిల్లా గండికోట వెళ్ళాలి. చిత్రావతిని కలుపుకున్న పెన్న ఇక్కడ ఎర్రమల కొండల్ని కోసుకుంటూ సాగింది. లోయ గోడలు ఎర్రటి క్వార్ట్‌జైటు. కోట్లాది ఏళ్ళ కిందట నీటి అడుగున పరుచుకున్న ఇసుకే గట్టిపడి ఈ రాయైంది. పొరలు పొరలుగా, నిలువు పగుళ్ళతో చీలి ఉండడంవల్ల గోడంతా ఎవరో దిమ్మెలు పేర్చినట్టు కనిపిస్తుంది. కడప ప్రాంతపు క్వార్ట్‌జైటు పలకల మీద ఆనాటి నీటి అలలు మిగిల్చిన గీతలు ఇంకా చూడొచ్చు. వాటిని ఫొటో తీయాలంటే పొద్దుపొడుపు, పొద్దుగుంకే వేళలే మంచివి. ఏటవాలు వెలుతురుకు ప్రతి గీతకూ సన్నని నీడ పడుతుంది. మిట్టమధ్యాహ్నం అదే పలక మొండి రాయిలా ఉంటుంది.

ఇక్కడా చూపు కోట మీదే నిలిచింది. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చాడు. కోటను మీర్ జుమ్లా ఎలా పట్టుకున్నదీ, అక్కడ ఫిరంగులు పోయించిన సంగతీ రాసుకున్నాడు. పెమ్మసాని నాయకుల కోట, మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యపు కొట్టు అన్నీ రక్షిత కట్టడాల లెక్కలోకి వచ్చాయి. కోట వెనకున్న లోయే అసలు దృశ్యమని జనానికి బాగా తెలిసింది ఫోన్ కెమెరాలు చేతికొచ్చాకే. ఇప్పుడు దాన్ని మన దేశపు గ్రాండ్ కెన్యన్ అంటున్నారు. కొలతల్లో రెండిటికీ పోలిక లేదు. అక్కడ లోయ పొడవు 446 కిలోమీటర్లు. అయినా ఆ పేరు చేసిన మేలొకటుంది. కోట చూసి తిరిగిపోయేవాళ్ళు అంచుదాకా నడిచి రాతిని చూస్తున్నారు.

రెండో ఫొటో

జాతీయ భూగర్భ స్మారకాలుగా ప్రకటించిన చోట్లు కర్ణాటకలో నాలుగున్నాయి. బళ్ళారి గుట్టల్లో ఒక్కటీ ఆ జాబితాలో లేదు. కాబట్టి గుడీ కోటా లేని గుట్టకు సాక్షులు అక్కడికి కెమెరా పట్టుకుని నడిచే మామూలు జనమే.

చలికాలంలో ఈ దారి పట్టేవాళ్ళు కొన్ని సంగతులు గుర్తు పెట్టుకోవాలి. పదిగంటలకల్లా బండ కాలడం మొదలవుతుంది, నీళ్ళు దండిగా ఉండాలి. హంపి, దరోజీ చుట్టుపక్కల తెల్లవారుజామునా మసక చీకట్లోనూ ఎలుగుబంట్లు తిరుగుతాయి, ఒంటరిగా వెళ్ళొద్దు. చెక్కిన బొమ్మలు బాగా కనబడాలని సుద్ద రుద్దడం, నీళ్ళు పోయడం వద్దే వద్దు, వెలుతురు ఏటవాలుగా పడేదాకా ఆగితే చాలు. రక్షిత కట్టడాల దగ్గర డ్రోన్‌కు అనుమతి తప్పనిసరి.

ఇంకొకటి గ్రీన్‌లా, గోలింగ్స్‌ల నుంచి నేర్చుకోవాల్సింది. ప్రసిద్ధమైన అంచు మీద సెల్ఫీతో సరిపెట్టకుండా, మీ ఊరి పొలిమేరలో పేరులేని గుట్ట ఒకటి ఎంచుకోండి. మొత్తం గుట్ట పట్టేలా తీయండి. తేదీ, నిలబడిన చోటు రాసిపెట్టండి. మరుసటి ఏడు అదే చోట నిలబడి మళ్ళీ తీయండి. క్వారీ మీద అర్జీ పెట్టాల్సి వచ్చిన రోజున, అందమైన ఫొటో ఒక్కటే ఉంటే అధికారి మెచ్చుకుని పక్కన పెడతాడు. రెండు ఫొటోలుంటే, మధ్యలో పోయిన రాతికి ఆయన లెక్క చెప్పాలి.