ఫ్యాంటసీ ప్రీమియర్ లీగ్: ఆటగాళ్ల ఎంపికకు ఏ టూల్ దేనికి?

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌ల ఆధారంగా, ఆ లీగే నడిపే ఉచిత ఆట ఫ్యాంటసీ ప్రీమియర్ లీగ్. ఆడేవాళ్లు దీన్ని ఎఫ్‌పీఎల్ అంటారు. 100 మిలియన్ పౌండ్ల ఊహా బడ్జెట్‌తో 15 మందిని తీసుకోవాలి: ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. ఒక్క క్లబ్ నుంచి ముగ్గురికి మించకూడదు. కెప్టెన్‌కు రెట్టింపు పాయింట్లు. జట్టు వేయడం పది నిమిషాల పని. ఎవరిని తీసుకోవాలన్నదే అసలు చిక్కు.

పాయింట్లు ఎలా వస్తాయి?

60 నిమిషాలు ఆడితే 2 పాయింట్లు. గోల్ కొడితే ఫార్వర్డ్‌కు 4, మిడ్‌ఫీల్డర్‌కు 5, డిఫెండర్‌కు 6. అసిస్ట్‌కు 3. జట్టు గోల్ ఇవ్వకపోతే గోల్‌కీపర్‌కు, డిఫెండర్‌కు 4 చొప్పున. అంటే పేరున్న ఆటగాడి కంటే రోజూ మైదానంలో ఉండే ఆటగాడు ముఖ్యం. 2024-25లో మొహమ్మద్ సలాహ్ 38 మ్యాచ్‌లూ ఆడి, 29 గోల్స్, 18 అసిస్ట్‌లతో 344 పాయింట్లు తెచ్చాడు. ఒక సీజన్‌లో అదే రికార్డు.

మొదట అధికారిక యాప్

చాలామంది దీన్ని సరిగా చూడరు గానీ, సగం సమాచారం ఇక్కడే ఉంటుంది. గాయపడిన ఆటగాడి పేరు పక్కన పసుపు లేదా ఎరుపు గుర్తు ఉంటుంది. ఆడే అవకాశం 75, 50, 25 శాతం అని కూడా చూపిస్తుంది. రాబోయే మ్యాచ్ ఎంత కష్టమో 1 నుంచి 5 వరకు అంకె ఉంటుంది. పెనాల్టీలు, కార్నర్లు ఏ క్లబ్‌లో ఎవరు తీస్తారో జాబితా ఉంటుంది. ఒక్క మ్యాచ్ కాదు, వచ్చే నాలుగైదు మ్యాచ్‌ల వరస చూసి నిర్ణయించాలి.

ఎక్స్‌జీ అంటే?

ఒక షాట్ గోల్ అయ్యే అవకాశాన్ని 0 నుంచి 1 మధ్య చెప్పే అంకె ఇది. పెనాల్టీకి సుమారు 0.76. అండర్‌స్టాట్ సైట్‌లో ప్రతి ఆటగాడి ఎక్స్‌జీ ఉచితంగా దొరుకుతుంది. ఎక్స్‌జీ 1 మాత్రమే ఉండి 4 గోల్స్ కొట్టినవాడి జోరు ఎక్కువ రోజులు నిలవకపోవచ్చు. ఎక్స్‌జీ 4 ఉండి ఒక్క గోలే కొట్టినవాడిపై కన్నేసి ఉంచాలి. అయితే రెండు మూడు మ్యాచ్‌ల లెక్కతో తేల్చేయకూడదు.

ధర, గడువు

ఎక్కువమంది కొంటే ఆటగాడి ధర పెరుగుతుంది, అమ్మితే తగ్గుతుంది. పెరిగిన ధరలో సగమే అమ్మినప్పుడు మన చేతికొస్తుంది. ధర పెరుగుతుందని తొందరపడి కొన్నాక ఆటగాడికి గాయమైతే నష్టమే. ఉచిత మార్పులు అయిపోయాక చేసే ప్రతి మార్పుకూ 4 పాయింట్లు కోత. వాడని ఉచిత మార్పులను ఐదు వరకు దాచుకోవచ్చు.

ఆ వారం తొలి మ్యాచ్‌కు 90 నిమిషాల ముందు గడువు ముగుస్తుంది. శనివారం మొదటి మ్యాచ్ ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం 12:30కి ఉంటే, మనకు గడువు వేసవిలో 3:30, చలికాలంలో సాయంత్రం 4:30. అక్కడ గడియారం మారినప్పుడు చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. కోచ్‌లు ప్రెస్‌మీట్లలో గాయాల సంగతి చెబుతారు కాబట్టి, మార్పులు ఆ తర్వాతే చేయడం మేలు.

డబ్బు అడిగితే?

ఇది జూదమా అని ఇంట్లో పెద్దలు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఎఫ్‌పీఎల్‌లో ఎంట్రీ ఫీజు లేదు. కానీ స్నేహితుల లీగ్‌లో తలా 500 వేసి గెలిచినవాడికి ఇస్తే అది పందెమే అవుతుంది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది.

కొన్ని సైట్లు అంచనాల కోసం సభ్యత్వ రుసుము తీసుకుంటాయి. మొదటి సీజన్‌కు అవి అక్కర్లేదు. "పక్కా టీమ్ ఇస్తాం, ముందు డబ్బు పంపండి" అనేవాళ్లను అసలు నమ్మొద్దు. ఏ టూల్ అయినా అవకాశమే చెబుతుంది, ఫలితం కాదు. పిల్లలు ఆడుతుంటే ఫోన్‌లో ఏ యాప్ ఉందో, అది డబ్బు అడుగుతోందో లేదో ఒకసారి చూస్తే చాలు.