మత్స్య వ్యవసాయ విద్య: దాని పుట్టుక, పెంపు



చేపలను పెంచుట నేర్చుకొనుటకు విశ్వవిద్యాలయమునకు పోవలయునా యని మీవంటి పెద్దలు పలువురు నన్ను అడుగుచుందురు. ప్రశ్న న్యాయమైనదే. మన జాలరులు ఏ పట్టమును పొందకయే ఏటి పోటును, చేప నడకను ఎఱిగినవారు. చెఱువులో చేపపిల్లను వదలి పెంచుకొనిన ఊళ్లు తాతలనాటినుండియు కలవు. అట్లుండ నాలుగేండ్ల చదువేల? దానికగు వ్యయమేల?

దీనికి సమాధానము చరిత్రలోనే కలదు. చెఱువు గట్టున నిలిచినవానికి అంతు చిక్కని సమస్య యెదురైనప్పుడెల్ల ఈ విద్య ఒక్కొక్క మెట్టు పైకి వచ్చినది. ఆ మెట్లను వరుసగా చూపి, పిమ్మట మనము చేయవలసినదేమో మనవి చేయుదును.

చేపను గూర్చి గ్రంథము వ్రాయుట మనకు క్రొత్త కాదు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమునుండి పరిపాలించిన పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. మన కాకతీయులు ఒకప్పుడు ఆ వంశమువారికి సామంతులు. ఆ గ్రంథమున చేపల జాతులు, వానికి వేయు మేత, గాలముతో పట్టు విధము వర్ణింపబడినవి. అయినను అది రాజుల వినోదమునకు సంబంధించినది. రైతు జీవనమునకై వ్రాసినది కాదు.

పిమ్మట పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమున నుండి, అచ్చటి తీరమున దొరకు చేపలను సేకరించి, ఇన్నూఱు చేపల బొమ్మలతో 1803వ సంవత్సరమున ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. అందు పెక్కు చేపలకు మన తీరపు జనులు పిలుచు పేళ్లనే యుంచెను. ఇది నాకు మిక్కిలి ముచ్చటగా తోచును. శాస్త్రజ్ఞునకు చేప పేరు చెప్పిన తొలి గురువు మన పల్లెవాడే. హామిల్టన్ అను మఱియొక వైద్యుడు గంగానది చేపలను గూర్చి 1822లో ప్రకటించిన గ్రంథమున, మనము బొచ్చె యనియు, శీలావతి యనియు, మోసు అనియు పిలుచు జాతులకు శాస్త్రనామములు పెట్టెను. ఆ నామములు కూడ కట్ల, రోహిత, మృగాల అను దేశీయ పదములనుండి వచ్చినవే.

పేళ్లు తెలిసినవి. పెంపకము ప్రభుత్వ వ్యవహారమైనది మాత్రము ఆ వెనుక చాలకాలమునకు. చెన్నపురి రాజధానిలో మత్స్య పరిశ్రమను విచారించుటకు 1905లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ నియమింపబడెను. ఆయన జపాను దేశమునకు పోయి, అచ్చటివారి పద్ధతులను చూచి వచ్చి నివేదిక వ్రాసెను. 1907లో మత్స్యశాఖ యేర్పడినది. కర్నూలు మండలములోని సుంకేశులవద్ద 1911లో చేపల పెంపక క్షేత్ర మొకటి నెలకొల్పబడినది. మన తెలుగు నేలమీద ప్రభుత్వము చేపల పెంపకమునకు పూనుకొనిన తొలినాటి ప్రయత్నములలో ఇది యొకటి.

ఇక మొదటి గొప్ప చిక్కును వినుడు. బొచ్చె, శీలావతి, మోసు అను ఈ మూడు జాతులును చెఱువులో చక్కగా పెరుగును గాని, నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. వానకాలమున ఏఱు వరదగా వచ్చినప్పుడే పెట్టును. కావున చేపపిల్ల కావలయునన్న నది యొడ్డున సన్నని వలలు కట్టి, వరదలో కొట్టుకొనివచ్చు పిల్లను పట్టవలసియుండెను. బంగాళమునుండి ఆ పిల్ల మట్టికుండలలో రైళ్లమీద ఇతర సీమలకు పోవుచుండెను. త్రోవలో కొంత చచ్చెడిది. మిగిలినదానిలో ఇతర చేపలను మ్రింగు జాతుల పిల్లయు కలిసియుండెడిది. రైతు డబ్బిచ్చి కొన్నదేమో, చెఱువులో వదలినదేమో అతనికే తెలియదు. విత్తనము తన చేతిలో లేని వ్యవసాయము వ్యవసాయ మెట్లగును?

ఈ చిక్కును పండితులు విప్పిరి. చేప తలలో, మెదడు క్రింద, పీయూష గ్రంథి యను సన్నని గ్రంథి కలదు. గ్రుడ్లు పెట్టుటకు వలసిన ప్రేరణ దానినుండి పుట్టును. నిలువనీటిలో ఆ ప్రేరణ చాలదు. 1930 తరువాతి సంవత్సరములలో బ్రెజిల్ దేశమువారు ఈ గ్రంథి సారమును చేపకు సూదిమందుగా ఇచ్చి గ్రుడ్లు పెట్టించిరి. మన దేశమున హీరాలాల్ చౌధురి, అలీకున్హి అను శాస్త్రజ్ఞులు ఒరిస్సాలోని అంగుల్‌వద్ద 1957వ సంవత్సరము జూలై 10వ తేదీన ఈ కార్యమును సాధించిరి. ఆ తేదీనే నేటికిని దేశమంతట మత్స్య రైతుల దినముగా పాటించుచున్నారు. నాడు సాధింపబడిన విద్యయే నేడు ఊరూర హేచరీగా కనబడుచున్నది.

ఈ విజయముతో చేపల శాస్త్రమునకు పాఠశాల కావలసివచ్చినది. సూదిమందు ఎంత యీయవలయునో, ఎప్పుడీయవలయునో, ఒకనికి చూపిన మాత్రమున వేలమందికి రాదు గదా! 1961లో బొంబాయిలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ వెలసినది. 1969లో మంగళూరున, వ్యవసాయ విశ్వవిద్యాలయము క్రింద, దేశములోని తొలి మత్స్య కళాశాల తెఱవబడినది. మన రాష్ట్రమున నెల్లూరు మండలములోని ముత్తుకూరులో 1991లో మత్స్య కళాశాల నెలకొన్నది. తెలంగాణమున వనపర్తి మండలములోని పెబ్బేరులో 2017లో మఱియొకటి వచ్చినది. నరసాపురమున మత్స్య విశ్వవిద్యాలయమునకు 2022లో శంకుస్థాపన జరిగినది.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి, పండితుడు చెప్పగా రైతు విన్నాడని మాత్రమే మీరు తలపవలదు. కొల్లేటి కథ వినుడు. 1976 ప్రాంతమున ప్రభుత్వము కొల్లేటి గ్రామముల సహకార సంఘములకు చేపల చెఱువులు కల్పించినది. ఆనాడు శాస్త్రజ్ఞులు ఆఱు జాతుల మిశ్రమ పెంపకమును బోధించుచుండిరి. బొచ్చె పైనీటిలోను, శీలావతి నడిమినీటిలోను, మోసు అడుగునను మేయును. వీనికి వెండి చేప, గడ్డి చేప, బంగారు తీగ అను మూడు విదేశీ జాతులను చేర్చినచో చెఱువులోని మేత యేదియు వృథా కాదని వారి లెక్క. లెక్క సరియైనదే. కాని మన రైతు అంగడిని చూచెను. మంచులో పెట్టి కలకత్తాకు పంపినప్పుడు శీలావతికి గల గిరాకి తక్కిన జాతులకు లేదు. కావున అతడు శీలావతిని హెచ్చుగా, బొచ్చెను కొంచెముగా వేసెను. లేబిల్లను వేయక, ఏడాదిపాటు ఇఱుకున ఉంచి ఎదుగుదల నాపిన పిల్లను తెచ్చి వేసెను. అట్టి పిల్ల విశాలమైన చెఱువులో పడగానే త్వరగా పెరుగును. తవుడును, నూనెచెక్కను చిల్లులు పెట్టిన సంచులలో నింపి గుంజలకు వ్రేలాడగట్టెను. ఈ పద్ధతులను పిమ్మట పండితులే వచ్చి చూచి, కొలిచి, గ్రంథములకెక్కించిరి. గట్టునకును కళాశాలకును నడుమ త్రోవ రెండు దిక్కులకును సాగవలయునని ఈ కథ తెలుపుచున్నది.

అయితే కొల్లేటికి మఱియొక ముఖము కలదు. చెఱువుల గట్లు సరస్సు గర్భములోనికి చొచ్చుకొనిపోయినవి. 1999లో కొల్లేరు పక్షుల శరణాలయముగా ప్రకటింపబడినది. 2006లో పెక్కు గట్లు తెగగొట్టబడినవి. ఒకని చెఱువు గట్టు మఱియొకని పొలమునకు వరద యగునన్న సత్యమును ఆనాడే పాఠముగా చెప్పియుండిన, అంత నష్టమును, అంత కన్నీరును తప్పియుండునని నా నమ్మకము.

రెండవ గొప్ప చిక్కు రొయ్యలతో వచ్చినది. 1990 మొదలుకొని మన తీరమున టైగర్ రొయ్యల చెఱువులు వడివడిగా పెరిగినవి. వరి పండిన మళ్లలోనికి ఉప్పునీరు వచ్చినది. లాభములు కండ్లు చెదరునట్లుండెను. 1994, 1995 సంవత్సరములలో తెల్లమచ్చ వ్యాధి వచ్చిపడినది. వ్యాధి తగిలిన కొలది దినములలోనే చెఱువుకు చెఱువే తుడిచిపెట్టుకొనిపోయెడిది. రైతులు అంగడిలో దొరకిన మందునెల్ల పోసిరి. కాని యది వైరస్ వలన కలుగు వ్యాధి. యాంటీబయాటిక్ మందులకు లొంగదు. చచ్చిన చెఱువు నీటిని ఒకడు కాలువలోనికి వదలగా, ఆ నీటినే క్రిందివాడు తోడుకొనెను. వ్యాధితోపాటు అప్పులును ఊరూర ప్రాకినవి. 1996 డిసెంబరులో సుప్రీం కోర్టు తీరప్రాంత రొయ్యల చెఱువులపై కఠినమైన తీర్పు నిచ్చినది. 2005లో తీరప్రాంత జలచర పెంపకమునకు శాసనమును వచ్చినది.

ఈ వ్యాధికి నేటికిని చెఱువులో పోయదగిన మందు లేదు. నివారణ మొక్కటే మార్గము. తల్లి రొయ్యను ముందుగా పరీక్షించి, వ్యాధి లేనిదానినుండియే పిల్లను తీయవలయును. నీటిని శుద్ధిచేసి వాడవలయును. రోగపు నీటిని కాలువలోనికి వదలరాదు. 2009లో వనామి యను విదేశీ రొయ్యకు అనుమతి యిచ్చినప్పుడు, వ్యాధిరహితమైన తల్లి రొయ్యలనే తెప్పించి, ముందు ప్రత్యేక స్థలమున ఉంచి పరీక్షించు నియమమును పెట్టిరి. ఇట్టి పరీక్ష కంటితో చేయదగినది కాదు. ఇచ్చట చదువు తప్పనిసరి యైనది.

ఇక కళాశాలలో ఏమి నేర్పుదురో చెప్పెదను. అది నాలుగేండ్ల చదువు. విద్యార్థి చేప శరీరమును, దాని రోగములను, మేతను, విత్తనోత్పత్తిని, నిలువజేయు విధమును, అంగడి లెక్కను చదువును. చివరి యేట రైతులయొద్దకు పోయి పని నేర్చును. అన్నిటికిని మూలము నీటి పరీక్ష. తెల్లవారుజామున చేప పైకి తేలి నోరు తెఱచుట మీరెఱుగుదురు. పగలు నీటిలోని పచ్చని పాచి సూర్యరశ్మివలన ప్రాణవాయువును పుట్టించును. రాత్రి యదే పాచి, చేపతోపాటు, ఆ వాయువును పీల్చుకొనును. కావున సూర్యోదయమునకు ముందు అది మిక్కిలి తగ్గును. మబ్బు పట్టిన దినమున పుట్టుటయే తక్కువ. మీరు కనులతో చూచిన దానికి విద్యార్థి కారణమును, కొలతను చెప్పగలుగును. కొలత తెలిసినవాడు చేప తేలకమునుపే మేలుకొనును.

పెద్దలారా! మీ మనుమలు, మనుమరాండ్రు ఈ విద్యను కోరినచో అడ్డు చెప్పకుడు. చదివి వచ్చినవారిని మాత్రము మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ పిల్ల యెక్కడిది, పరీక్షింపబడినదా? ఈ మందు ఏ రోగమునకు, అది ఇదే రోగమని ఎట్లు తెలిసినది? ఈ చెఱువు నీరు వదలినపిమ్మట ఎవరి పొలమునకు, ఎవరి త్రాగునీటి గుంటకు చేరును? మూడవ ప్రశ్నకు సమాధానము చెప్పలేనివాని పట్టమును నేను పూర్ణమైనదిగా నెంచను. చేప ఒకనిది కావచ్చును. నీరు మాత్రము ఊరివారందఱిది.