చేనేత సహకార సంఘాల సభ్యత్వ నమోదు, నిర్వహణ: చారిత్రక పరిశీలన

పరిచయం

అమలాపురం సమీపంలోని బండారులంక చేనేత చీరలకు పేరుపొందిన గ్రామం. ఇటువంటి గ్రామాల చరిత్ర తెలుసుకోవడానికి మగ్గంతోపాటు సహకార సంఘం కార్యాలయంలోని సభ్యత్వ రిజిస్టరును కూడా పరిశీలించాలి. అందులో ఎవరి పేరు ఉంది, ఎవరి పేరు లేదు అన్న ప్రశ్న ఎందరో నేత కార్మికుల బతుకుతెరువును నిర్ణయించింది. ఈ రిజిస్టరు ఎలా రూపుదిద్దుకుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

సహకార చట్టాలు - సభ్యత్వం

1904 నాటి చట్టం పరపతి సంఘాలకే పరిమితమైంది. 1912 చట్టం ఉత్పత్తిదారుల సంఘాలకు కూడా అవకాశం కల్పించింది. అప్పట్లో కోనసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి, 1932 నాటి మద్రాసు సహకార సంఘాల చట్టం ఇక్కడ వర్తించింది. తర్వాత 1964లో ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం వచ్చింది. వాటాధనం చెల్లించి చేరిన ప్రతి సభ్యునికీ, వాటాలు ఎన్ని ఉన్నా, ఒకే ఓటు ఉంటుంది. కాబట్టి సభ్యత్వ రిజిస్టరే ఓటర్ల జాబితాకు ఆధారం.

రిజిస్టరు - నూలు

సంఘం సభ్యునికి నూలు ఇస్తుంది. అతడు ఇంటి వద్ద నేసి బట్ట అప్పగించి మజూరీ తీసుకుంటాడు. తీసుకున్న నూలు, అప్పగించిన బట్ట, అందిన మజూరీ అతని ఖాతాలో నమోదవుతాయి. షావుకారుపై ఆధారపడిన నేతగానికి ఈ ఖాతా ఒక రక్షణ. అయితే రెండో ప్రపంచయుద్ధ కాలంలో నూలుపై నియంత్రణ వచ్చాక రిజిస్టరు విలువ మరింత పెరిగింది. నూలు కొరత ఉన్న రోజుల్లో పేరు ఉంటే నూలు దొరుకుతుంది. ఈ కారణంగానే మగ్గం లేనివారి పేర్లు చేరడం, నేత మానినవారి పేర్లు కొనసాగడం వంటి సమస్యలు తలెత్తాయి. సభ్యుల సంఖ్య పెరగడం, పనిచేసే మగ్గాల సంఖ్య పెరగడం ఒకటి కాదని విద్యార్థులు గమనించాలి.

రిజిస్టరు బయట ఉన్నవారు

ఒక చీర వెనుక ఇంటిల్లిపాది శ్రమ ఉంటుంది. కండెలు చుట్టడం, ఆసు పోయడం వంటి పనులు ఎక్కువగా స్త్రీలే చేస్తారు. కాని ఖాతా సాధారణంగా ఇంటి యజమాని పేరున ఉండేది. 2019-20 నాటి నాలుగో జాతీయ చేనేత గణన నేతవారితోపాటు అనుబంధ పనివారిని కూడా లెక్కించింది. దేశంలో వీరందరూ కలిపి సుమారు 35 లక్షల మంది. వారిలో స్త్రీలే అధికులు. రిజిస్టరు ఒక పేరు చూపితే, గణన మొత్తం కుటుంబ శ్రమను చూపింది.

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నేతన్న నేస్తం పథకాన్ని ప్రారంభించింది. సొంత మగ్గం ఉన్న నేత కుటుంబానికి ఏటా 24,000 రూపాయలు అందించింది. లబ్ధిదారుల జాబితాలను గ్రామ సచివాలయాల్లో ప్రదర్శించారు. అర్హతకు సొంత మగ్గం కొలమానం కావడంతో, ఇతరుల మగ్గంపై కూలికి నేసేవారు దాని పరిధిలోకి రాలేదు.

సారాంశం

కాగితపు రిజిస్టరు స్థానంలో కంప్యూటరు ఖాతా వచ్చినా మూల ప్రశ్నలు మారలేదు: పేరు ఎవరు చేరుస్తారు? ఎవరు సరిచూస్తారు? తప్పు ఎవరు దిద్దుతారు? ఎవరి నిర్ణయంతో తొలగిస్తారు? వీటికి సభ్యులందరికీ తెలిసేలా సమాధానం ఉన్నప్పుడే నమోదు హక్కు అవుతుంది. లేకపోతే రిజిస్టరు పట్టుకున్నవారి దయగా మిగులుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నూలు నియంత్రణ సభ్యత్వ రిజిస్టరు విలువను ఎలా పెంచింది?
2. చేనేతలో స్త్రీల శ్రమ రిజిస్టర్లలో పూర్తిగా కనిపించకపోవడానికి కారణమేమి?