బద్దం ఎల్లారెడ్డి

కరీంనగర్ జిల్లా కమ్యూనిస్టు నాయకుడు, వెట్టిచాకిరీ వ్యతిరేక పోరాటయోధుడు, పార్లమెంటు సభ్యుడు. స్వగ్రామం నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని గాలిపెల్లి.

నిజాం కాలంలో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ కుటుంబాలు దొర గడీకీ, ఊరికొచ్చిన అధికారులకూ కూలి లేకుండా పనిచేయాల్సి వచ్చేది; ఇదే వెట్టి. రైతులైతే సొంత పొలం ఎండినా సరే, ముందు దొర పొలానికి నాగలి కట్టాలి. అప్పు తీరేదాకా జీతగాడిగా ఉండే భగేలా పద్ధతి మరీ ఘోరం. తండ్రి బాకీకి కొడుకు పూచీ. సంతలో అమ్మకం లేదన్న మాటే గానీ, దీన్ని బానిసత్వం అనడానికి సందేహించనక్కర్లేదు.

1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన, నిజాం రాజ్యంలోని తెలుగువారి సంస్థ ఆంధ్రమహాసభ సమావేశం సిరిసిల్లలో జరిగింది. తర్వాతి ఏళ్లలో ఆ సంస్థ కమ్యూనిస్టుల చేతికి వచ్చి, వెట్టి రద్దు ఊరూరా నినాదమైంది. ఈ ప్రాంతంలో తెలంగాణ సాయుధ పోరాటానికి ఎల్లారెడ్డి, అనభేరి ప్రభాకరరావు ముఖ్య నాయకులు. అనభేరి 1948 మార్చిలో హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్‌లో పోలీసు కాల్పులకు బలయ్యాడు.

1951 అక్టోబరులో పోరాట విరమణ. మరుసటి ఏడు ఎన్నికల్లో ఎల్లారెడ్డి కమ్యూనిస్టుల ఎన్నికల వేదిక పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున కరీంనగర్ నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఓడినవారిలో తర్వాత ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఒకరు! 1964లో రాజ్యసభకు వెళ్లాడు.

వెట్టి మాత్రం చట్టసభల్లో మాట్లాడినంత తేలిగ్గా పోలేదు. 1976లో పార్లమెంటు కట్టుబానిసత్వ నిర్మూలన చట్టం చేశాక కూడా, 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన రైతుకూలీల డిమాండ్లలో వెట్టి రద్దు ఉంది. ఆ ఏడాదే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది.