ముత్యాల రేవులో పాట: ఖతార్ గడ్డపై రసికుల కూటాలు

దేశాంతరం బయలుదేరిన తెలుగువాడు ఎంత తేలికగా మూట కట్టుకున్నా అందులో పాట ఉండక మానదు. అన్నమయ్య, త్యాగయ్య, ఘంటసాల, ఆ తరువాత సినిమాలు. దోహాలో పుట్టి పెరిగిన మన పిల్లలకు సైతం ఆ వరసలు వచ్చు. సంతోషించవలసిన సంగతే. కాని ఆ పిల్లలు కళ్లు తెరిచిన ఈ గడ్డకు సొంత పాట ఒకటి ఉన్నదా, ఉంటే అది ఎవరిదీ, ఎట్లా ఉంటుందీ అని అడిగితే మనలో చాలామంది తడుముకుంటారు. టాక్సీలో వినబడే అరబీ పాటలన్నీ ఒక్క తీరుగానే చెవిన పడతాయి. తెలియని సంగీతం ఎప్పుడూ అంతే. ఒంటరిగా వింటే అది శబ్దం. తెలిసిన నలుగురి మధ్య కూర్చుని, ఎక్కడ తల ఊపాలో వారిని చూసి నేర్చుకుంటే అదే సంగీతమవుతుంది. ఈ సంగతి ఖతార్ తీరవాసులకు తరతరాలుగా తెలుసు. అటువంటి కూటాలకు వారు ఇల్లే కట్టుకున్నారు. దాని పేరు ‘దార్’. అరబీలో ఆ మాటకు అర్థం ఇల్లు అనే.

ఆ ఇంటి సంగతి చెప్పాలంటే ముందు సముద్రం మీదికి వెళ్లాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దంలో బ్రిటిష్ అధికారి లోరిమర్ గల్ఫ్ గెజిటీర్ తయారుచేస్తూ ఖతార్ జనాభా సుమారు 27,000 అని లెక్కకట్టాడు. మన తాలూకా ఒక్కదానికి ఉండే జనం కూడా కాదు. ఆ కొద్దిమందికి బతుకుతెరువు ముత్యాలు. వేసవి రాగానే మగవారు పడవలెక్కి నాలుగు నెలలకు పైగా ఒడ్డు ముఖం చూడక సముద్రం మీదనే ఉండేవారు. ముక్కుకు బిళ్ల బిగించుకుని, కాలికి రాయి కట్టుకుని గజఈతగాడు అడుగుకు దిగితే, పైన మరొకడు తాడు పట్టుకుని కనిపెట్టి ఉండేవాడు. ఊపిరి ఆగేలోపు పైకి లాగాలి. పడవ నాయకుడిని ‘నఖుదా’ అనేవారు. కూలి ముందుగానే బయానాగా తీసుకునేవారు. సీజను ముగిసేసరికి లెక్క చూస్తే చాలామందికి ఆ బయానా తీరేది కాదు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు మరుసటి ఏడు పడవ ఎక్కిన సందర్భాలు కొల్లలు. కరీంనగరం, నిజామాబాదు జిల్లాల నుంచి ఏజెంటుకు అప్పుచేసి డబ్బుకట్టి ఈ తీరం చేరిన మనవారికి ఆ లెక్క వివరించి చెప్పనక్కరలేదు.

అటువంటి పడవ మీద జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఒకడుండేవాడు. అతడు నహ్హామ్, అంటే పాటగాడు. ఇది వినోదం కోసం కాదు. తెరచాప ఎత్తడానికీ, లంగరు తాడు లాగడానికీ, తెడ్డు వేయడానికీ పది ఇరవై చేతులు ఒక్క క్షణంలో కదలాలి. ఆ కదలికకు తాళం పాట. పనికొక పాట ఉండేది. తెడ్డును అరబీలో ‘మిజ్దాఫ్’ అంటారు, ఆ పాటకూ అదే పేరు. నహ్హామ్ హెచ్చుస్థాయిలో గొంతెత్తితే, మిగిలినవారు చాలా దిగువన, నేలలోంచి వచ్చినట్లు ఒక హుంకారం పట్టేవారు. మొదటిసారి విన్నవారికి అది పాటలో భాగమని తోచదు. సముద్రపు హోరు అనుకుంటారు. మన తంబురా శ్రుతి తీగల మీద ఉంటుంది, వారి శ్రుతి మనుషుల గుండెల్లో ఉంటుంది. నాకు ఈ సంగీతంలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ హుంకారమే. నహ్హామ్ ఎంత మంచి గాయకుడైనా అది లేనిదే ఆ పాట నిలబడదు.

చలికాలంలో పడవలు ఒడ్డున ఉండేవి. పనిలేని ఆ రాత్రులలో ముత్యాలవారు దార్‌లో చేరి పాడుకున్న పాట ‘ఫిజ్రీ’. పడవ పాట పనికోసమైతే ఇది పూర్తిగా రసికత కోసం. బహ్రీ, అద్సానీ, హద్దాదీ అని అందులో రకాలున్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క తాళపు నడక. వాద్యాలు ఎక్కువేమీ లేవు. చేతిలో ఇమిడే రెండుముఖాల చిన్న డోలు మిర్వాస్, పెద్ద డోలు, వేళ్లకు తగిలించుకునే తాళాలు, సమిష్టిగా కొట్టే చప్పట్లు. వీటితోపాటు జహ్లా. ఇది మంచినీళ్ల మట్టికుండ. మూతిమీదా పక్కలమీదా అరచేతులతో కొట్టి వాయిస్తారు. మన కచేరీలలో ఘటం చూసిన పిల్లవాడికి దానిని పరిచయం చేయనవసరం లేదు. అయితే మన ఘటం సంగీతం కోసమే కాల్చి చేసినది. జహ్లా నీళ్లు మోసిన కుండ.

దార్‌లో ఎవరుబడితే వారు పాడేవారు కాదు. కొత్తవాడు ముందు చప్పట్లలో చేరాలి, తరువాత హుంకారంలో, అదీ కుదిరితే పైపాటలో. సుల్తానులూ, సంగీత పాఠశాలలూ లేనిచోట ఆ కూటమే గురువు, ఆ కూటమే సభ. ఫిజ్రీ పుట్టుకను గూర్చి బహ్రైన్‌లో ఒక ఐతిహ్యం ఉన్నది. ముగ్గురు మిత్రులు ఊరిబయట మసీదు దగ్గర జిన్నులు పాడుతుండగా విన్నారట. పరులకు చెప్పబోమని మాట ఇచ్చిన మీదట ఆ జిన్నులు వారికి పాట నేర్పాయట. కథను నమ్మనక్కరలేదు. పాటను పది మంది రహస్యంగా కాపాడుకున్నారన్న మాట మాత్రం అందులో స్పష్టంగా ఉన్నది.

స్త్రీలకు దార్‌లో ప్రవేశం లేదు. వారి పాట వేరే. భర్తలూ కొడుకులూ తిరిగివచ్చే రోజులలో వారు ఒడ్డుకు చేరి, ఇంతమందిని ఇన్ని నెలలు పట్టి ఉంచుకున్నావు, ఇక పశ్చాత్తాపపడు, అని సముద్రాన్నే మందలిస్తూ పాడేవారు. కాల్చిన ఇనుమును నీటిలో ముంచి సముద్రాన్ని బెదిరించే ఆచారం కూడా ఉండేది. మగవారి పాటను గూర్చి వెతికితే రికార్డులూ గ్రంథాలూ కొంత దొరుకుతాయి. ఈ ఆడవారి పాటలను గూర్చి దొరికేది బహు స్వల్పం.

ఇక మన దేశంతో ఈ పాటకున్న చుట్టరికం. గల్ఫ్ ముత్యానికి పెద్ద అంగడి బొంబాయి. ముత్యం అక్కడికి వెళ్లేది, బియ్యం, పడవల కలప, బట్ట, మసాలా ఇటు వచ్చేవి. రూపాయి ఈ తీరమంతా చెల్లేది. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోట్లే అచ్చువేసింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించిన తరువాతనే ఖతార్ దానికి స్వస్తి చెప్పింది. సరుకుతోపాటు సంగీతమూ ఓడ ఎక్కింది. ‘సౌత్’ అనే గానపద్ధతి గల్ఫ్ పట్టణాలలో ప్రసిద్ధం. ఊద్ వాద్యం, మిర్వాస్, అరబీ కవిత్వం, చప్పట్లు దాని ముఖ్యాంగాలు. దానికి ఆద్యుడుగా చెప్పుకునే కువైట్ కవి గాయకుడు అబ్దుల్లా అల్ ఫరజ్ (1836-1901) పెరిగింది బొంబాయిలోనే. హిందుస్తానీ సంగీతం ఆయన చెవిన పడింది అక్కడే. ఒమాన్‌లోని సూర్ రేవుకు చెందిన సాలిం రషీద్ సూరీ (1910-1979) ఓడ పనివాడుగా తిరుగుతూ పాటగాడైనాడు. బొంబాయిలో చాలాకాలం ఉండి, అరబీలోనే కాక హిందుస్తానీ మాటలు కలిపి కూడా పాడి గ్రామఫోను రికార్డులిచ్చాడు. తరువాత బహ్రైన్ చేరి స్వంతంగా రికార్డుల కంపెనీయే పెట్టాడు. బొంబాయిలోని అరబ్బు వర్తకుల ఇళ్లలో రాత్రిపూట జరిగే కూటాలలో యెమెన్ పాట విని, ఆ పక్క వీధిలో హిందుస్తానీ ఠుమ్రీ విని, రెండింటినీ పడవెక్కించి తెచ్చినవారు ఇట్లా ఎందరో. ఆ మనుషులే ఆనాటి ప్రచారసాధనం.

ఆ ముత్యాల లోకం కూలడానికి ఎక్కువకాలం పట్టలేదు. జపానులో మికిమొటో పెంపకపు ముత్యాలు బజారుకు వచ్చాయి. 1929లో ప్రపంచ ఆర్థిక మాంద్యం తోడైంది. ఖతార్‌లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయి జనం పొరుగు తీరాలకు వలసపోయారు. దుఖాన్‌లో చమురు కనుగొన్నా యుద్ధం అడ్డువచ్చి, మొదటి ఓడ చమురు ఎగుమతి 1949 డిసెంబరు 31న గాని జరగలేదు. నిన్నటి గజఈతగాళ్లు చమురు కంపెనీలో కూలీలైనారు. పని పోయిన తరువాత పనిపాట ఏమి కావాలి? దార్‌లలో కొన్నాళ్లు నిలిచింది. సరిగ్గా ఆ సంధికాలంలో డెన్మార్క్ నుంచి పురాతత్త్వ బృందాలు గల్ఫ్‌కు వచ్చాయి. వారి వెనుకనే పౌల్ రోవ్‌సింగ్ ఓల్సెన్ అనే సంగీతజ్ఞుడు వచ్చి టేపుమీద ఈ పాటలను పట్టాడు. 1959లో క్లౌస్ ఫెర్డినాండ్, ఫోటోగ్రాఫరు జెటె బంగ్ ఖతార్ బెదూయినుల జీవనాన్ని నమోదు చేశారు. 1968లో ఖతార్ రేడియో ప్రారంభమైంది. 1980లలో దోహాలో గల్ఫ్ రాష్ట్రాల జానపద కేంద్రం పనిచేసి కొంత సేకరించింది, తరువాత అది మూతపడింది. 2021లో బహ్రైన్ చొరవతో ఫిజ్రీ యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. గౌరవమే. కాని జాబితాకెక్కేనాటికి ముత్యాల పడవలో పని చేస్తూ పాడిన గొంతులు దాదాపు అంతరించాయి. ఈనాడు దార్‌లో పాడేవారు పాటను పాట నుంచి నేర్చుకున్నవారు, పని నుంచి కాదు.

మనవారు ఇక్కడికి పెద్దసంఖ్యలో వచ్చినది చమురు ధర పెరిగిన 1970ల తరువాత. ఆ రోజుల్లో ఇంటికి వెళ్లే ప్రతివాడి చంకలో ఒక టూ-ఇన్-వన్ ఉండేది. ఉత్తరం రాయడం రానివారు క్యాసెట్టులో మాటలు నింపి పంపేవారు. అక్కడినుంచి తల్లి ఏడుపూ, పిల్లల పద్యాలూ నిండి తిరిగి వచ్చేవి. క్యాంపులో ఒక్కొక్క గదిలో ఎనిమిది మంది, నాలుగు భాషలు. అక్కడే తెలుగువాడు మలబారు మాప్పిళ్ల పాట విన్నాడు, పఠాను రబాబు విన్నాడు, నేపాలీ మాదల్ విన్నాడు. ఎవడో ఒకడు క్యాసెట్టు పెట్టడం, ఇదేమి పాటరా అని ఇంకొకడు అడగడం, అతడు అర్థం చెప్పడం. దార్ అంటే ఇంతకన్నా వేరు కాదు. గోడలు మాత్రం కంపెనీవి.

ఈ వ్యాసంలో చెప్పక తప్పని సంగతి ఇంకొకటి ఉన్నది. తెలంగాణలో పెళ్లి ఊరేగింపయినా, బోనాలయినా, వినాయక నిమజ్జనమయినా తీన్‌మార్ దెబ్బ పడనిదే కాలు కదలదు. అది అచ్చంగా మనదే అనుకుంటాం. ఇప్పుడు మనదే. కాని దాని నడక హైదరాబాదు మర్ఫా వాద్యంలోనిది. ఆసఫ్ జాహీల కొలువులో సైనికులుగా చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు వచ్చారు. వారిని చావుష్‌లంటారు. వారి బ్యారక్సే నేటి బార్కస్ పేట. వారితోపాటు ఆఫ్రికా మూలాలుగల సిద్దీలు ఉన్నారు. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సే ఏ.సి. గార్డ్స్ అనే పేటకు పేరిచ్చింది. ఈ రెండు జనాల డోలు దెబ్బలు కలిసి పుట్టినది మర్ఫా. ఇటు దోహాలో సౌత్ పాడేవారి సాహిత్యంలో యెమెన్ కవిత్వం విరివిగా ఉంటుంది, లేవా వంటి నృత్యాలు ఆఫ్రికా తీరం నుంచి వచ్చినవి. అంటే ఒకే రేవుల నుంచి బయలుదేరిన తాళాలు ఒక శాఖగా ఇక్కడికీ, మరొక శాఖగా మూసీ ఒడ్డుకూ చేరాయన్నమాట. ఖతార్ జాతీయదినమైన డిసెంబరు 18న కత్తులు పట్టి చేసే అర్దా నృత్యం దగ్గర నిలబడిన కరీంనగరం కుర్రవాడికి కాలు దానంతట అది ఊగితే అందులో వింత ఏమీ లేదు.

కోస్తావారు కూడా తమకేమీ సంబంధం లేదనుకోనక్కరలేదు. ఉప్పాడలోనో భీమునిపట్నంలోనో వల లాగేవారి హైలెస్సా వినిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు. మిజ్దాఫ్ పాటకూ దానికీ భాష వేరు, పని ఒక్కటే. మర పడవలు వచ్చిన తరువాత అక్కడ కూడా తెడ్డుపాటతో పని తగ్గిపోయింది. ఇక్కడి పాటకు కనీసం టేపు పట్టినవారు ఒకరిద్దరున్నారు. మన వలపాటలు ఎవరి తాతగారి గొంతులోనైనా మిగిలి ఉంటే, ఈ సెలవులకు ఊరు వెళ్లినప్పుడు పిల్లల చేత అడిగించి రికార్డు చేయించడం కష్టమేమీ కాదు. నాయనమ్మలను కూడా మరవవద్దు.

వినదలచినవారికి ఇప్పుడు దారులున్నాయి. ఖతార్ ఫౌండేషనూ బ్రిటిష్ లైబ్రరీ కలిసి 2014లో ప్రారంభించిన ఖతార్ డిజిటల్ లైబ్రరీలో పాత లక్క రికార్డుల పాటలు ఉచితంగా వినవచ్చు. కటారాలో 2011 నుంచి ఏటేటా జరిగే సంప్రదాయ పడవల ఉత్సవంలో నహ్హామ్ పాటను మనుషుల నోటనే వినవచ్చు. వెళ్లినవారు వేదిక ముందు కుర్చీలలో కాక, వీలైతే పడవ పక్కన, చప్పట్లు కొట్టేవారికి దగ్గరగా నిలబడండి. పైగొంతు దూరానికి కూడా వినబడుతుంది. కింది హుంకారం దగ్గరున్నవారికే తెలుస్తుంది.